ముట్టనివాళ్ళ తీర్పు

ముందు భావనారాయణ నాలుక గురించి చెప్పాలి. ఎందుకంటే జరిగిన తప్పంతా దానిదేనని ప్రభుత్వం వారు లిఖితపూర్వకంగా తేల్చారు.

ఆ నాలుక అలాంటిలాంటిది కాదు. ఆఫీసు క్యాంటీనులో కాఫీ ఒక గుక్క తాగి, "ఇవాళ పాలవాడు మారాడే!" అనేవాడు. క్యాంటీనువాడు బిక్కమొహం వేసుకుని ఒప్పుకునేవాడు. ఇంట్లో చారు నోట్లో పెట్టుకుని, ఇంగువ కొత్త డబ్బాలోంచి తీశారో పాత డబ్బా అడుగున గోకారో చెప్పేసేవాడు. పెళ్ళయిన మొదటి ఏడాది ఈ విద్య చూసి అలివేలు మురిసిపోయింది. తరవాతి ఇరవై తొమ్మిదేళ్ళూ ఒళ్ళు మండించుకుంది.

ఆయన తండ్రి బాపట్ల చుట్టుపక్కల పెళ్ళివంటలు చేసిన మనిషి. పాకం చూడ్డం, పులుసు చూడ్డం కొడుక్కి దగ్గర కూచోబెట్టుకుని నేర్పాడు. "నాలిక మీద పెట్టుకుని తొందరపడకు, మొదట వచ్చేది ఉప్పూ కారం, ఆఖరున మిగిలేదే అసలు రుచి" అనేవాడు. పొగాకూ, కిళ్ళీ, మందూ నాలుకని మొద్దుబారుస్తాయని వాటి జోలికి పోనివ్వలేదు. కాబట్టి భావనారాయణ యాభై అయిదేళ్ళ వయసు దాకా చుక్క ముట్టలేదు. ఇది సుగుణం కింద లెక్కవేయకండి. మంగలి తన కత్తిని కట్టెలు చీల్చడానికి ఇవ్వడు, అంతే.

ఇంత నాలుక పెట్టుకుని ఆయన రాష్ట్ర ద్రాక్షాసవ ప్రమాణాల మండలిలో, వచ్చిన కాగితాలకి నంబర్లు వేసే సీనియర్ అసిస్టెంటుగా పని చేసేవాడు. మండలి పని రాష్ట్రంలో తయారయ్యే వైన్లకి యోగ్యతాపత్రాలు ఇవ్వడం. సీమలోనూ, కొండల్లోనూ, గోదావరి మెట్టలోనూ కొంతమంది రైతులు ద్రాక్ష వేసి, ఎర్రదీ తెల్లదీ వైను తీయడం మొదలుపెట్టారు. ఏ ప్రాంతపుది ఎలా ఉందో పోల్చి చూసి పతకాలిస్తే దేశదేశాల్లో పేరొస్తుందని పెద్దలకి తోచింది.

మొదటి ఏడు ముగ్గురు నిపుణుల్ని పిలిచారు. వాళ్ళు గ్లాసు ఊపి, వాసన చూసి, చప్పరించి, మార్కులు వేసి వెళ్ళిపోయారు. మర్నాడు పేపర్లో "తాగేవాళ్ళే తీర్పరులా?" అని పెద్దక్షరాల్లో పడింది. మండలి అధ్యక్షులు దక్షిణామూర్తి గారు ఆ పేపరు చూసి రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు.

మూడో రోజు సమావేశం పెట్టారు. "పరీక్ష రాసే కుర్రవాడి పేపరు వాడి మేనమామ చేత దిద్దిస్తామా?" అని అడిగారు అధ్యక్షుల వారు.

"దిద్దించం" అన్నాడు న్యాయ సలహాదారు పట్టాభి.

"మరి ద్రాక్షాసవంతో చుట్టరికం ఉన్నవాడి చేత ద్రాక్షాసవానికి మార్కులు ఎలా వేయిస్తాం?"

పట్టాభి కళ్ళు చెమర్చాయి. ఇంత సూటిగా ఆలోచించే అధికారి కింద పని చేయడం పూర్వజన్మ సుకృతం అన్నాడు. సాయంత్రానికి ఉత్తర్వు వెలువడింది. "ఇకమీదట ద్రాక్షాసవములను రుచి చూచువారును, వాటిని పోల్చి తీర్పు చెప్పువారును, తమ జీవితమునందు ఎన్నడును మద్యమును ముట్టనివారై ఉండవలెను. ముట్టినవారు ముట్టిన క్షణము నుండి అనర్హులగుదురు."

ఆఖరి వాక్యం పట్టాభి కలిపాడు. నిండుగా ఉంటుందని కలిపాడు.

ముట్టనివాళ్ళని వెతకడానికి ఆఫీసంతా ఫారాలు పంచారు. దాని మీద మూడు సంతకాలుండాలి. ఉద్యోగిదొకటి, భార్యది లేక భర్తది ఒకటి, పక్క సీటు ఉద్యోగిది ఒకటి. నలభై రెండు మంది సిబ్బందిలో భార్యల సంతకాలు అందరికీ వచ్చేశాయి. పాపం, ఆ ఇల్లాళ్ళు మనస్ఫూర్తిగా చేశారు. పక్క సీటువాళ్ళ దగ్గరే చిక్కొచ్చింది. పెన్ను తీసినవాడల్లా ఫారం పట్టుకొచ్చినవాడి మొహం కాసేపు చూసి, పెన్ను మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు. ఆఖరికి ఎనిమిది ఫారాలు నిండాయి.

అందులో అకౌంట్సు గుమాస్తా ఒకాయన తుమ్ములకి పద్దెనిమిదేళ్ళుగా హోమియో గోళీలు వేసుకుంటున్నాడని తెలిసింది. ఆ గోళీలని స్పిరిట్లో నానబెడతారని పట్టాభి పుస్తకం తీసి చూపించాడు. రోజుకి నాలుగు గోళీల చొప్పున ఆయన పాతికేళ్ళ తాగుబోతుతో సమానమని తేలింది. ఆయన ఇంటికెళ్ళి తలుపేసుకుని ఏడ్చాడు. ఇంకొకావిడ దగ్గుమందు దగ్గర దొరికిపోయింది. చివరికి ఆరుగురు మిగిలారు. అధ్యక్షుల వారూ పట్టాభీ మాత్రం ఈ లెక్కలో లేరు. వాళ్ళిద్దరూ ఒకరి ఫారం మీద ఒకరు సంతకాలు చేసుకుని తీర్పరుల సంఘంగా ఏర్పడ్డారు.

మాఘమాసంలో ఓ ఉదయం పదింటికి రుచి చూసే కార్యక్రమం మొదలైంది. బల్ల మీద ఆరు సీసాలు పెట్టారు. మూడు ప్రాంతాల నుంచి ఒక్కో ఎర్రదీ, ఒక్కో తెల్లదీ. ఆరుగురిలో సీనియరు కాబట్టి భావనారాయణ ఆరూ రుచి చూసి నివేదిక రాయాలి, మిగతా అయిదుగురూ ఆయన వెనకాల కూచుని నేర్చుకోవాలి. పక్కన ఉమ్మడానికి ఒక గిన్నె కూడా ఏర్పాటు చేశారు. నిపుణులు మింగరట, చప్పరించి ఉమ్మేస్తారట.

"ఉమ్మకూడదు. రాష్ట్ర ఉత్పత్తిని బహిరంగంగా ఉమ్మినట్టవుతుంది" అన్నాడు పట్టాభి. గిన్నె తీసేశారు.

మొదటి సీసా సీమ ఎర్రది. మదనపల్లె దగ్గర చెంగల్రాయుడు అనే రైతు తీసిన వైను. టమాటా పండించుకుంటూ, ఒక మూల మూడెకరాల్లో ద్రాక్ష వేసి, మూడేళ్ళు కాపు కాచి ఆరు పీపాలు నింపాడు. యోగ్యతాపత్రం వస్తేగాని చుక్క అమ్మడానికి వీల్లేదు.

భావనారాయణ కళ్ళు మూసుకుని గుక్క నోట్లో పెట్టుకున్నాడు.

చాలాసేపు కదల్లేదు. అధ్యక్షుల వారు కంగారుపడి మంచినీళ్ళు తెమ్మన్నారు. అసలు సంగతేమిటంటే, యాభై అయిదేళ్ళుగా సాంబార్ల మీదా కాఫీల మీదా కాలక్షేపం చేసిన ఆ నాలుకకి మొట్టమొదటిసారి చేతినిండా పని దొరికింది. ఆయనకి ఏడుపొచ్చినంత పనైంది. ఇన్నాళ్ళూ తను ఎందుకు పుట్టాడో, కాగితాలకి నంబర్లు వేస్తూ ఏం పోగొట్టుకున్నాడో ఆ ఒక్క గుక్కలో తెలిసొచ్చింది. కళ్ళు తెరిచి, కాగితం లాక్కుని గబగబా రాశాడు.

"నోట్లో పెట్టగానే నేరేడు పండు. గింజ చీకినప్పుడు మిగిలే వగరు. దాని వెనక యాలక్కాయ, గింజ కాదు, తొక్క. ముదురుపాకం అయి ఇంకో నిమిషంలో మాడబోతున్న బెల్లం. మింగిన చాలాసేపటికి తొలకరి చినుకు పడ్డ ఎర్రమట్టి."

రెండో గ్లాసు మీద చెయ్యి వేశాడు. కొండ ప్రాంతపు తెల్లది. పోల్చి చూడాలని నాలుక ఆత్రపడిపోతోంది.

"ఆగండి!" అని పట్టాభి లేచాడు. చేతిలో ఉత్తర్వు ఉంది. "ఉత్తర్వు చివరి వాక్యం. సదరు ఉద్యోగి పది గంటల పన్నెండు నిమిషాల వరకు ముట్టనివాడు. ఇప్పుడు ముట్టినవాడు. అనర్హుడు."

అధ్యక్షుల వారు ఉత్తర్వు రెండుసార్లు చదివారు. కింద ఉన్నది తమ సంతకమేనని కూడా చూసుకున్నారు.

"అయితే ఒక్కొక్క సీసాకి ఒక్కొక్క ముట్టనివాడు కావాలన్నమాట" అన్నారు.

"మనవాళ్ళు ఆరుగురు, సీసాలూ ఆరు. దైవికంగా సరిపోయింది సార్" అన్నాడు పట్టాభి.

"కానీ సార్, ఒక్కటే తాగినవాడు దేంతో పోలుస్తాడు?" అన్నాడు భావనారాయణ ఉండబట్టలేక.

"పోల్చేది వాళ్ళు కాదయ్యా, మేము. ఒక్కటి కూడా తాగం కాబట్టి మాకు పక్షపాతం ఉండదు" అన్నారు అధ్యక్షుల వారు ఓపిగ్గా. అంత విడమరిచి చెప్పాక ఇంకేం అడుగుతాడు? కుర్చీలోంచి లేచి పక్కకి తప్పుకున్నాడు.

తరవాత అయిదుగురూ వరసగా వచ్చారు. అటెండరు ముత్యాలుకి కొండ తెల్లది పడింది. గ్లాసెత్తి గడగడా తాగేసి, మూతి తుడుచుకుని, "ద్రాక్షరసం. పులిసింది" అని రాశాడు. గోదావరి ఎర్రది తాగిన టైపిస్టు "దగ్గు వచ్చినది" అని రాసింది. ఇంకొకాయన "తెలియరాలేదు" అని రాశాడు. మిగతా ఇద్దరూ పైవాళ్ళ నివేదికలతో తాము ఏకీభవిస్తున్నామని రాశారు.

ఆ సాయంత్రమే ఆరుగురి చేతుల్లోనూ ఒక్కో మెమో పెట్టారు. మద్యం ముట్టిన ఉద్యోగులు గనక వ్యసన విమోచన తరగతులకి వారానికో రోజు చొప్పున పన్నెండు వారాలు హాజరు కావాలి. భావనారాయణ ఆ కాగితం ఇంట్లో చూపించాడు.

"రెండు చెంచాలకే తాగుబోతులైపోయారా మీరు?" అంది అలివేలు. "మా అన్నయ్య ముప్ఫై ఏళ్ళ నుంచి తాగుతూ ఇంకా 'మితంగా పుచ్చుకుంటాడు' అనిపించుకుంటున్నాడు!" అని, కాస్త దగ్గరగా జరిగి, "ఇంతకీ ఎలా ఉంటుందండీ?" అని అడిగింది.

భావనారాయణ చెప్పడం మొదలుపెట్టాడు. అన్నాలవేళ దాకా చెబుతూనే ఉన్నాడు.

తీర్పు చెప్పడానికి అధ్యక్షుల వారికీ పట్టాభికీ నాలుగు నెలలు పట్టింది. ఎర్రవాటినీ తెల్లవాటినీ తాగకుండా పోల్చడం సామాన్యమైన పని కాదు. సీసాల వెనక ఉత్తర్వు కాపీ పెట్టి చూశారు. తెల్లవాటిలోంచి అక్షరాలు కనపడ్డాయి, ఎర్రవాటిలోంచి కనపడలేదు. "పారదర్శకత ప్రభుత్వ విధానం" అని తెల్లవాటికి పది మార్కులు అదనంగా వేశారు. టైపిస్టు దగ్గుని "స్పందన కలిగించు గుణము" కింద జమకట్టారు. ముత్యాలు నివేదిక దగ్గరికి వచ్చేసరికి ఇద్దరూ పులకించిపోయారు.

"ద్రాక్షరసం. పులిసింది. చూశావా పట్టాభీ! ద్రాక్షాసవ నిర్వచనం అక్షరం పొల్లుపోకుండా వచ్చింది. కల్మషం లేని సరుకు, కల్మషం లేని నివేదిక" అన్నారు అధ్యక్షుల వారు. కొండ తెల్లదానికి బంగారు పతకం ఖాయమైంది.

ఆ తరవాత సీమ ఎర్రదాని నివేదిక విప్పారు. చదువుతుండగానే ఆయన కనుబొమ్మలు పైకి పోయాయి.

"ద్రాక్షాసవంలో ద్రాక్ష తప్ప మరొకటి కలపకూడదు కదా? ఇదేమిటి? నేరేడు పళ్ళు. యాలకులు. బెల్లం."

"మట్టి కూడా సార్" అన్నాడు పట్టాభి భయంగా.

"మట్టి కూడా!"

ఉత్తర్వు అయింది. "మండలి వారి సొంత రుచి పరీక్షయందే కల్తీ నిర్ధారణ అయినందున, మదనపల్లె చెంగల్రాయుడు వద్ద గల ఆరు పీపాల ద్రాక్షాసవమును అధికారుల సమక్షమున పారబోయవలసినదిగా ఇందుమూలముగా ఆదేశించడమైనది."

దానికి నంబరు వేయడానికి కాగితం భావనారాయణ బల్ల మీదికే వచ్చింది. ఆయన అది చదివాడు. మెచ్చుకుంటూ రాసిన నాలుగు మాటలే ఆ రైతు కొంప ముంచుతున్నాయి. పరుగున అధ్యక్షుల వారి గదిలోకి వెళ్ళాడు.

"సార్, అవి కలిపినవి కావు సార్! నాలిక మీద అలా తోస్తుంది. ద్రాక్షే సార్ అదంతా!"

"కలపకుండా నేరేడు రుచి ఎలా వస్తుందయ్యా?"

"అదే సార్ దాని గొప్ప! మంచి మామిడిపండు తింటే అందులో తేనె తగలదూ? తేనె ఎవరు పోశారు సార్?"

అధ్యక్షుల వారు ఒక్క క్షణం ఆలోచించినట్టే కనపడ్డారు. ఇంతలో పట్టాభి గొంతు సవరించుకున్నాడు. "ఈయన ముట్టినవారు సార్. ద్రాక్షాసవం గురించి వీరి మాట చెల్లదు."

"నేను రాసిన నివేదిక చెల్లినప్పుడు నా మాట ఎందుకు చెల్లదు?"

"రాసింది తాగుతున్నప్పుడు. మాట్లాడుతున్నది తాగిన తరవాత" అన్నాడు పట్టాభి.

భావనారాయణ ఆ రాత్రి అన్నం ముందు కూచుని లేచిపోయాడు. పులుసులో ఉప్పు మరిచిపోయిన సంగతి ఆయన చెప్పకపోయేసరికి అలివేలుకి నిజంగా భయం వేసింది.

పారబోత ఉత్తర్వు పై ఆఫీసులకి వెళ్ళి, సంతకాలు చేయించుకుని, తిరిగొచ్చేసరికి మార్గశిరం వచ్చింది. అప్పుడు పట్టాభికి కొత్త అనుమానం పుట్టింది. రైతు అసలు సరుకు దాచేసి, పీపాల్లో రంగునీళ్ళు నింపి పారబోయిస్తే? పారబోసేది ఆ ద్రాక్షాసవమేనని ఎవరో ఒకరు రుచి చూసి ధ్రువపరచాలి. దాని రుచి ఎరిగినవాడు మండలి మొత్తానికి ఒక్కడే.

"ఆయన అనర్హుడు కదా?" అన్నారు అధ్యక్షుల వారు.

"తీర్పు చెప్పడానికి అనర్హుడు సార్. గుర్తుపట్టడం తీర్పు కిందికి రాదు. పోయినవాణ్ణి గుర్తుపట్టడానికి డాక్టరే రానక్కర్లేదు కదా, బంధువు చాలు."

అలా భావనారాయణా పట్టాభీ జీపులో మదనపల్లె బయల్దేరారు. ఆ రైతు మొహం ఎలా చూడాలో భావనారాయణకి తెలియలేదు. రంగునీళ్ళని అబద్ధం రాసేద్దామా అనుకున్నాడు. నాలుక విషయంలో పుట్టి బుద్ధెరిగాక అబద్ధమాడలేదు, ఆడగలడన్న నమ్మకమూ లేదు. పైగా రంగునీళ్ళని రాస్తే చెంగల్రాయుడు జైలుకెళతాడు.

చెంగల్రాయుడు టమాటా చేలోంచి వచ్చి, కండువాతో చేతులు తుడుచుకుంటూ నిలబడ్డాడు. బక్కపలచటి మనిషి, అరవై దగ్గర పడ్డవాడు.

"రాండి సార్. ఆ రిపోర్టు రాసిన సారు మీలో ఎవురు?"

భావనారాయణ తలవంచుకుని, "నేనే" అన్నాడు.

చెంగల్రాయుడు ఆయన చెయ్యి పట్టుకుని కొట్టంలోకి తీసుకెళ్ళాడు. ఆరు పీపాల పైన గోడకి ఒక పటం వేలాడుతోంది. అద్దం వెనక పారబోత ఉత్తర్వు ఉంది. అందులో భావనారాయణ రాసిన నాలుగు వాక్యాలనీ ఆధారం కింద యథాతథంగా ఎత్తి రాశారు.

"నేరేడు పండు అన్యావే సార్! తొలకరి మట్టి అన్యావే!" అన్నాడు చెంగల్రాయుడు. "ఈ సరుకు చేసినప్పుడు నా నోటికి అదే తగిలింది. ఎవురికి చెప్పినా నవ్వినారు. లోకంలో ఇంకొక మనిషికి తెలిసిందిలే అని పటం కట్టించినా. ఇంక పోస్తే పోయండి, నాకేం బాధ లేదు."

బాధ లేదంటూనే పీపా మీద చెయ్యి వేసి నిమురుతున్నాడు.

పట్టాభి ఫారం తీశాడు. అందులో రెండే గళ్ళున్నాయి. "అదే" అని ఒకటి, "అది కాదు" అని ఒకటి. చెంగల్రాయుడు మొదటి పీపా మర తిప్పి గ్లాసులో పోశాడు. భావనారాయణ కళ్ళు మూసుకున్నాడు.

నేరేడు పండు ఉంది, కానీ ఎండి వరుగైంది. యాలక్కాయ తొక్క ఎక్కడా లేదు. బెల్లం మాడే నిమిషం దాటిపోయి, అడుగంటిన పాకంలో చేదూ తీపీ కలిసి కూచున్నాయి. మట్టి మాత్రం తడారి, ఎండకి కాగిన మట్టి అయింది. దాని మీద సాంబ్రాణి లాంటిదేదో కొత్తగా వచ్చి చేరింది. మాఘంలో పసిపిల్ల, ఇప్పుడు ఇల్లు నడిపే మనిషి. ఆయన రెండో పీపా చూశాడు, మూడోదీ చూశాడు, ఆరూ చూశాడు. మొహం విప్పారింది. అబద్ధం ఆడక్కర్లేకుండా పోయినందుకు ఒళ్ళంతా తేలికైంది. రెండో గడిలో టిక్కు పెట్టాడు.

"అది కాదా? మరి అది ఎక్కడ దాచాడు?" అన్నాడు పట్టాభి అదిరిపడి.

"ఎక్కడా దాచలేదండీ. ఇవి రంగునీళ్ళు కావు, ద్రాక్షే. కానీ మన ఉత్తర్వులో ఉన్న వైను ఇక లోకంలో లేదు. మనం తీర్పు చెప్పి సంతకాలు పెట్టించుకునే పది నెలల్లో అది ఇదైంది. ఉత్తర్వులో చెప్పిన యాలకులు ఇందులో లేవు, కావాలంటే చూసుకోండి."

పట్టాభి ఉత్తర్వు తీసి చదివాడు. రుచి చూసిన ద్రాక్షాసవాన్నే పారబోయమని స్పష్టంగా ఉంది. వేరేదాన్ని పారబోస్తే తన ఉద్యోగం పోతుంది. భావనారాయణ మాట నిజమో కాదో తేల్చాలంటే ఆ రుచీ ఈ రుచీ రెండూ ఎరిగినవాడు కావాలి. అలాంటివాడు మండలిలో భావనారాయణ ఒక్కడే. చెంగల్రాయుడు మర్యాదకి ఇంకో గ్లాసు నింపి ముందు పెట్టాడు. పట్టాభి వద్దు వద్దంటూనే వంగాడు. వాసన ముక్కుకి తగిలింది. అలాగే రెండు క్షణాలు ఉండిపోయాడు. కళ్ళలో ఒక రకమైన తడి వచ్చింది.

"వాసన ముట్టడం కిందికి వస్తుందా?" అని తనని తానే ప్రశ్నించుకుని, సమాధానానికి భయపడి, గబుక్కున కొట్టంలోంచి బయటికి నడిచాడు. నడుస్తూనే ఫారం మీద రాశాడు. "సదరు ఉద్యోగి ధ్రువీకరణను సదరు ఉద్యోగియే మరల ధ్రువీకరించవలెను." భావనారాయణ మరల ధ్రువీకరించాడు. పారబోత రద్దయింది. జరిగిన తప్పంతా సదరు ఉద్యోగి నాలుకదేనని ప్రభుత్వం వారు తరవాత ఫైల్లో రాసుకున్నారు.

పట్టాభి జీపులో కూచున్నాక చెంగల్రాయుడు భావనారాయణ పక్కకి వచ్చి నిలబడ్డాడు.

"మళ్ళా దరఖాస్తు పెట్టమంటారా సార్?"

"పెట్టు. రేపే పెట్టు. కొత్త సరుకు కింద పెట్టు."

"ఎన్నాళ్ళు పడతాది?"

"మా ఆఫీసులో ముట్టనివాళ్ళు అయిపోయారు. వేరే శాఖల నుంచి తెప్పించాలి. రెండేళ్ళు పట్టొచ్చు."

చెంగల్రాయుడు మొహం వాడిపోయింది. భావనారాయణ చేతిలోని గ్లాసులో అడుగున మిగిలిన చుక్క నోట్లో వేసుకుని, తీరిగ్గా ఆలోచించి, తల ఊపాడు.

"దిగులుపడకు. దీనికీ ఇంకా రెండేళ్ళు కావాలి."